పైపు పట్టినోడి రక్తం ఎవరు చూడాలె?

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు మీద పెట్రోలు పోయించుకోని మనిషి ఈ జిల్లాలో తక్కువ. బంకు ముందు బండి ఆపుతాం, మూత తీస్తాం, మీటరు సున్నా మీద ఉన్నదా లేదా అని చూస్తాం. వంద రూపాయలకు ఎన్ని చుక్కలు తగ్గాయో లెక్కేస్తాం. పైసలిచ్చి పోతాం. అంతసేపూ పైపు పట్టి నిలబడ్డ మనిషి మొఖం మాత్రం చూడం. అతని పేరు తెలియదు, ఏ ఊరోడో తెలియదు. పొద్దున ఎన్నింటికి వచ్చాడో, రాత్రి ఎన్నింటికి పోతాడో తెలియదు. మూతికి ఆ రుమాలు ఎందుకు కట్టుకున్నాడో కూడా అడగం.

ఈ పక్షం మా సంపాదకీయం ఆ మనిషి గురించి.

మా కార్యకర్త ఒకాయన ఒక బంకులో పనిచేసే తమ్ముడితో మాట్లాడాడు. బంకు పేరు రాయం, తమ్ముడి పేరు రాయం. రాస్తే రేపు అతనికి పని ఉండదు. "మొదటి నెల తల తిరిగేదన్నా. అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నా పెట్రోలు వాసనే. ఇప్పుడేం లేదు, అలవాటైంది" అన్నాడు. డిగ్రీ చదివిన పిల్లగాడు. పన్నెండు గంటల డ్యూటీ. అపాయింట్‌మెంట్ కాగితం లేదు, ఈఎస్ఐ కార్డు లేదు. అయినా కూలికి పోవడం కంటే ఇది నయం అనుకుంటున్నాడు. ఒంటి మీద యూనిఫాం ఉంది కదా!

"అలవాటైంది." ఈ మాట మనకు కొత్త కాదు. మన తాతలు వెట్టికి అలవాటైండ్రు. లందలో తోలు నానబెట్టి ఆ కంపుకు అలవాటైండ్రు. దొర గడీ ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడవడానికి అలవాటైండ్రు. అలవాటైందంటే బాధ పోయిందని కాదు, బాధ చెప్పే నోరు మూతపడిందని అర్థం. పెట్రోలు విషయంలో ఇది వైద్యం ఒప్పుకునే నిజం కూడా. ఒకే వాసన పొద్దస్తమానం పీలిస్తే ముక్కు దాన్ని గుర్తుపట్టడం మానేస్తుంది. ముక్కు మానేస్తుంది గాని ఊపిరితిత్తి పీల్చడం మానదు. ఎముకలోని మూలుగకు అలవాటు అనేదే లేదు.

ఇంతకూ ఆ వాసనలో ఏముంది? పెట్రోలు ఒక్క పదార్థం కాదు, ఎన్నో పదార్థాల కలగలుపు. అందులో ఒకదాని పేరు బెంజీన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ బెంజీన్‌ను మొదటి వర్గంలో పెట్టింది. మొదటి వర్గం అంటే 'కావచ్చు, కాకపోవచ్చు' అనే అనుమానం కాదు, మనిషికి క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థాల జాబితా. బెంజీన్ గాలి ద్వారా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, చేతికి అంటుకుంటే చర్మం గుండా కూడా పోతుంది. పోయి ఎముకల్లో రక్తం తయారయ్యే మూలుగను దెబ్బతీస్తుంది. మొదట రక్తం తగ్గుతుంది, నీరసం వస్తుంది. తెల్ల కణాలు తగ్గితే చిన్న జ్వరం కూడా తొందరగా తగ్గదు. ప్లేట్‌లెట్లు తగ్గితే చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది, ఒంటి మీద కమిలిన మచ్చలు వస్తాయి. ఏండ్ల తరబడి సాగితే కొందరికి రక్త క్యాన్సర్ దాకా పోతుంది. గర్భిణి పీలిస్తే మాయను దాటి కడుపులో బిడ్డకూ చేరుతుంది. ఇంత వరకైతే ప్రమాదం లేదు అని గీత గీయడానికి వీలు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది.

ఇప్పుడు పెట్రోల్లో బెంజీన్ తగ్గించాం కదా అంటారు. నిజమే. ఒకప్పుడు 5 శాతం దాకా అనుమతి ఉండేది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమ్ముతున్న బీఎస్-6 పెట్రోల్లో అది నూటికి ఒక పాలు మించకూడదు. నూటికి ఒక పాలు అంటే కొంచెమే అనిపిస్తుంది. కాని నెలకు లక్ష లీటర్లు అమ్మే బంకులో అది వెయ్యి లీటర్ల వరకు ఉండొచ్చు. మనం నెలకు రెండు సార్లు, మూడు సార్లు, నిమిషం సేపు బంకులో నిలబడతాం. అతను రోజూ పన్నెండు గంటలు నిలబడతాడు. శాతం ఒక్కటే అయినా ఇద్దరి ఒంట్లోకి పోయే లెక్క ఒక్కటి కాదు.

ఆవిరి ఎట్ల బయటికొస్తుందో అందరికీ తెలియాలె. ఖాళీ సీసాలో నీళ్లు పోస్తే లోపలి గాలి బయటికి వస్తుంది కదా, బండి ట్యాంకు కూడా అంతే. ఒక లీటరు పెట్రోలు లోపలికి పోతే, లోపల నిండి ఉన్న ఆవిరి గాలి ఒక లీటరు బయటికి తోసుకొస్తుంది. ఎక్కడికి? ట్యాంకు మూతి మీదికి వంగి చూస్తున్న మనిషి మొఖం మీదికి. ట్యాంకరు వచ్చి భూమిలోని ట్యాంకులో వేల లీటర్లు దించినప్పుడు అంతే ఆవిరి బయటికి వస్తుంది. ట్యాంకులో ఎంతుందో చూడడానికి మూత తీసి గజంకడ్డీ దించేవాడు దాన్ని నేరుగా పీలుస్తాడు. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి పోదు, కిందనే పరుచుకుంటుంది, గుంతల్లో నిలుస్తుంది. ఎండాకాలంలో మన జిల్లాలో నలభై అయిదు డిగ్రీల దాకా పోతుంది. ఎండ పెరిగిన కొద్దీ ఆవిరి పెరుగుతుంది. రుమాలు ఆపుతుందా? ఆపదు. గుడ్డ గాని, ఆసుపత్రి మాస్కు గాని దుమ్మును ఆపుతాయి, ఆవిరిని ఆపవు. మన తమ్ముడు మూతికి కట్టుకున్నది రక్షణ కాదు, ధైర్యం కోసం కట్టుకున్న తాయెత్తు.

ఆ మనిషి అక్కడికి ఎట్ల వచ్చిండో కూడా చూద్దాం. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీళ్లతో చెరుకు పండింది. ఆ చెరుకుతో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో పుట్టింది. ఒకనాడు ఆసియాలోనే పెద్దదని పేరు. చెరుకు నరికిన చేతులు ఎవరివి? బండ్లకెత్తిన భుజాలు ఎవరివి? మాల మాదిగ వాడలవి, లంబాడ తండాలవి, బీసీ కూలీలవి. ఫ్యాక్టరీ లోపల యూనియన్ ఉండేది, క్వార్టర్లు ఉండేవి, పర్మనెంటు అనే మాట ఉండేది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో తాళం పడింది. తాళం పడ్డది గేటుకే కాదు, ఒక తరం పిల్లల బతుకుదారికి. కొందరు దుబాయి, మస్కట్ పోయిండ్రు. ఆడోళ్లు బీడీల చాట ముందు కూసున్నరు. కొందరు బంకుల్లో పైపు పట్టిండ్రు.

ఇక్కడ ఒక చోద్యం చూడండి. ఇవాళ దేశంలో అమ్ముతున్న పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు. 2025 నాటికి అది 20 శాతానికి చేరింది. ఇథనాల్ దేనితో చేస్తారు? చెరుకుతో, చెరుకు మడ్డితో, మక్కలతో, నూకలతో. చెరుకుతో చేసిన సారం పెట్రోల్లో చేరి బంకు దాకా వచ్చింది. చెరుకు ఫ్యాక్టరీ మూతపడి చెరుకు కూలోని కొడుకు కూడా అదే బంకు దాకా వచ్చిండు. సారానికి ధర సర్కారు కట్టింది. కూలోని కొడుకు ఊపిరికి ధర ఎవరూ కట్టలేదు.

చట్టం లేదా అంటే, ఉంది. కాని చట్టం దేనికి భయపడుతుందో చూడండి. పెట్రోలియం చట్టం 1934 నాటిది, దాని కింది నియమాలు 2002లో కొత్తగా వచ్చాయి. పేలుడు పదార్థాల భద్రతా సంస్థ లైసెన్సు లేకుండా బంకు నడవదు. బంకులో ఇసుక బకెట్లు వేలాడతాయి, మంటలార్పే డబ్బాలు ఉంటాయి, 'పొగ తాగరాదు' అని బోర్డు ఉంటుంది. మంచిదే, ఉండాలె. ఎందుకున్నాయి? మంట లేస్తే యజమాని ఆస్తి కాలుతుంది, కంపెనీ సరుకు కాలుతుంది, రోడ్డు మీది కార్లు కాలుతాయి. మంట అందరికీ కనబడుతుంది, అందరినీ ముట్టుకుంటుంది. బెంజీన్ కనబడదు. అది పైపు పట్టినోణ్ణి ఒక్కణ్ణే లోపలి నుంచి కాలుస్తుంది. దానికి ఇసుక బకెట్ లేదు. ఆస్తికి వచ్చే ప్రమాదానికి బోర్డు, మనిషికి వచ్చే జబ్బుకు రుమాలు. ఈ దేశంలో ఎవరి ప్రాణానికి ఎంత విలువో బంకులో నిలబడి చూస్తే తెలిసిపోతుంది.

సీసం కథ గుర్తు చేసుకోండి. 1990ల దాకా మన పెట్రోల్లో సీసం కలిపేవాళ్లు. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే అమ్మాలన్నారు. నగరాల గాలి పాడవుతోందని కోర్టుల్లో కేసులు నడిచినందుకు, కొత్త కార్లలో పొగ శుద్ధిచేసే యంత్రం సీసంతో పాడవుతుందన్నందుకు ఆ నిర్ణయం వచ్చింది. మంచి నిర్ణయమే. కాని అంతకు ముందు పదేండ్లు, ఇరవై ఏండ్లు ఆ సీసం పీల్చిన బంకు కార్మికుని మాట ఆ చర్చలో ఎంత వినబడ్డది? కారు యంత్రం పాడవుతుందంటే కదిలిన వ్యవస్థ, మనిషి మూలుగ పాడవుతుందంటే ఎందుకు కదలదు?

ఆవిరిని మళ్లీ వెనక్కి లాగి ట్యాంకులోకే పంపే ఏర్పాటు ఒకటుంది. నాజిల్ దగ్గరే ఆవిరిని పీల్చేస్తుంది, మనిషి మొఖం దాకా రానివ్వదు. కొత్త శాస్త్రం ఏమీ కాదు, అమెరికాలోని కాలిఫోర్నియాలో 1970లలోనే మొదలైంది. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరి 7న కొత్త బంకులకు మార్గదర్శకాలు ఇచ్చింది. బళ్లకు, పది పడకలు పైబడిన ఆసుపత్రులకు, ఇండ్లకు బంకు 50 మీటర్ల దూరంలో ఉండాలె. ఎంత ఇబ్బంది ఉన్నా 30 మీటర్ల లోపు రావద్దు అన్నది. ఆవిరి పట్టే ఏర్పాటు కూడా పెట్టాలన్నది. ఎక్కడ? లక్షకు పైబడిన జనాభా ఉన్న పట్టణాల్లో, నెలకు 300 కిలోలీటర్ల పెట్రోలు అమ్మగల బంకుల్లో. 300 కిలోలీటర్లంటే 3 లక్షల లీటర్లు.

లెక్క వేయండి. 2011 జనగణనలో నిజామాబాద్ నగరం 3 లక్షలు దాటింది. బోధన్ లక్షకు చాలా తక్కువ. అంటే బోధన్‌లో పైపు పట్టినోని ఊపిరితిత్తులు ఆ లెక్కలోకి రావు. ఎడపల్లి, రెంజల్, వర్ని, కోటగిరి, రుద్రూరు రోడ్ల మీది బంకులైతే అసలే రావు. నిజామాబాద్‌లో కూడా 3 లక్షల లీటర్లు అమ్మని బంకుకు మాఫీ. పాత బంకుల విషయంలోనూ హరిత ట్రిబ్యునల్ ఆదేశాలు ముందు పెద్ద నగరాల మీదే దృష్టి పెట్టాయి. ఊరి మొత్తం గాలి ఎట్లుందో చూసి పెట్టిన నియమం ఇది. ఊరి గాలి చెడకుండా ఉంటే చాలనుకున్నది, నాజిల్ దగ్గర నిలబడ్డోని గాలి దాని లెక్కలో లేదు. చిన్న ఊరి బంకులో అమ్మకం తక్కువ కావొచ్చు. కాని అక్కడ మనుషులూ తక్కువే పెడతారు. ఉన్న ఇద్దరే పొద్దంతా నిలబడతారు. బెంజీన్ జనాభా లెక్కలు అడిగి మూలుగలోకి పోదు.

దూరం నియమం సంగతీ అంతే. అది కొత్త బంకులకే. ముందు నుంచీ ఇండ్ల నడుమ ఉన్న బంకుల పక్కన గుడిసెలేసుకున్నోళ్ల మాట ఏమిటి? ఊరి అంచున, రోడ్డు పక్కన ఉండేది వాడే. భూమిలో పాతిన ట్యాంకు ఎక్కడన్నా కారితే ముందు చెడేది ఆ పక్క బోరు నీళ్లే. నీళ్లలో పెట్రోలు వాసన వస్తే 'పైపు తుప్పు' అని ఊరుకోవద్దు. వెంటనే కాలుష్య మండలి నిజామాబాద్ ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలె.

ఇప్పుడు జబ్బు వచ్చినోని సంగతి. బెంజీన్ వల్ల వచ్చే జబ్బులు వృత్తి జబ్బులని, వాటికి నష్టపరిహారం ఇవ్వాలని 1923 నాటి పరిహారం చట్టం జాబితాలోనే ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కూడా ఆ జాబితా ఉంది. హక్కు కాగితం మీద ఉన్నట్టే. కాని అడగాలంటే నువ్వు ఆ బంకులో పనిచేశావని రుజువు కావాలె. అపాయింట్‌మెంట్ కాగితం లేదు, జీతం చేతికిస్తారు, హాజరు పుస్తకంలో పేరుంటుందో లేదో తెలియదు. కాగితం లేదంటే పని లేదు. పని లేదంటే పని వల్ల వచ్చిన జబ్బూ లేదు. రక్త క్యాన్సర్ వచ్చి మంచం పట్టినోడు 'ఎక్కడ పనిచేశావు?' అనే ప్రశ్న దగ్గరనే ఓడిపోతాడు. కొత్త కోడ్‌ల ప్రకారం ప్రతి కార్మికునికీ నియామక పత్రం ఇవ్వాలె. ఆ ఒక్క కాగితం కోసమైనా ఇవాళే కొట్లాడాలె.

ఈఎస్ఐ సంగతి చూస్తే, పెట్రోలు పంపు చేయడం కూడా తయారీ పని కిందికే వస్తుందని, బంకు కూడా ఈఎస్ఐ చట్టం ప్రకారం ఫ్యాక్టరీ కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 2009లోనే తేల్చింది. కాని పదిమంది పనిచేస్తే తప్ప ఈఎస్ఐ రాదు. పుస్తకంలో పదిమంది దాటకుండా పేర్లు రాయడం యజమానులకు తెలిసిన పాత విద్య. అయితే సామాజిక భద్రతా కోడ్‌లో ఒక దారి ఉంది. ప్రాణానికి ముప్పు ఉన్న పని అని కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేస్తే, ఒక్కడే కార్మికుడున్నా ఈఎస్ఐ వర్తిస్తుంది. పెట్రోలు బంకు పనిని ఆ జాబితాలో పెట్టాలె. క్యాన్సర్ తెచ్చే పదార్థాన్ని పొద్దంతా పీల్చే పని ప్రాణాంతకం కాకపోతే మరేది ప్రాణాంతకం?

మనవాళ్లలోనే కొందరు అడుగుతారు: "ఇది కార్మిక సమస్య గదా, దళిత పత్రికకు ఏం పని?" వాళ్లకు మా జవాబు సూటిగా చెబుతాం. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. 1943లో ధన్‌బాద్ బొగ్గు గనుల్లోకి స్వయంగా దిగి కార్మికుడు ఏ గాలి పీలుస్తున్నాడో చూశారు. ఈఎస్ఐకి పునాది అయిన అదార్కర్ నివేదిక 1944లో ఆయన శాఖ చూస్తున్నప్పుడే వచ్చింది. వారానికి 48 గంటల పని అని చట్టం మార్చింది 1946లో. గనిలోకి దిగడం దళిత సమస్య కాదని ఆయన అనుకోలేదు. కులం పనిని పంచడంతో ఆగదని, పనిచేసే మనుషులనే మెట్లు మెట్లుగా విడదీస్తుందని చెప్పింది ఆయనే. బంకులోనూ మెట్లున్నాయి. ఏసీ గదిలో గల్లా పెట్టె దగ్గర కూసున్నది ఎవరి బిడ్డ? ఎండలో పైపు పట్టింది ఎవరి బిడ్డ? ట్యాంకు కడగాలంటే, కాలువలో నూనె మడ్డి ఎత్తాలంటే ఎవరిని పిలుస్తారు? మీ మండలంలోని బంకులకు పోయి మీరే చూడండి, మీరే రాయండి.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలె. డీలర్‌షిప్పుల్లో ఎస్సీ, ఎస్టీలకు కలిపి 22.5 శాతం రిజర్వేషన్ ఉంది. పెట్టుబడి లేనోళ్లకు కంపెనీలు సాయం చేసే పథకమూ ఉంది. అది మనం కొట్లాడి తెచ్చుకున్న హక్కు. కాని పేరు మనది, పెత్తనం ఇంకొకనిది అయిన బినామీ బంకుల మాట మనందరికీ ఎరుకే. బోర్డు మీద మనోని పేరు, గల్లా తాళం దొర నడుముకు. దీన్ని బయటపెట్టాలె. నిజంగానే మనోడే ఓనరైతే? అప్పుడు అడిగే హక్కు మనకు ఇంకా ఎక్కువ. 'అన్నా, నీ తమ్ముడికి కాగితం ఇచ్చినవా? రక్త పరీక్ష చేయించినవా?' అని అడగాలె. మనోడు యజమాని అయినంత మాత్రాన బెంజీన్ మెత్తబడదు. దొర చేస్తే దోపిడీ, మనోడు చేస్తే మర్యాద అనుకుంటే మనది ఉద్యమం కాదు, పంపకం.

చేస్తే అవుతుందా? అవుతుంది. బ్రెజిల్ దేశంలోనూ మన దగ్గరలాగే బంకులో మనిషే పెట్రోలు పోస్తాడు. అక్కడ 2016లో బంకుల కోసమే బెంజీన్ నియమాలు తెచ్చారు. నాజిల్ తనంతట తాను 'టక్' మని ఆగిన తర్వాత ఇంకా పోయకూడదు. పెట్రోలు తుడవడానికి గుడ్డపీలికలు వాడకూడదు. యూనిఫాం ఉతికించే బాధ్యత యజమానిది, కార్మికుని పెళ్లానిది కాదు. ఆరు నెలలకోసారి రక్త పరీక్ష చేయించాలె. ఇందులో చంద్రమండలం నుంచి తెచ్చేదేమీ లేదు. బోధన్‌లో కూడా ఇవన్నీ రేపు పొద్దుట నుంచే చేయొచ్చు.

కాబట్టి ఈ పక్షం నుంచే పని మొదలుపెడదాం.

బంకుల్లో పనిచేసే అన్నలకు, తమ్ముళ్లకు, అక్కలకు: నాజిల్ ఆగినాక రౌండు ఫిగరు కోసం చుక్క చుక్క పోయొద్దు. ట్యాంకు మూతి మీదికి వంగి చూడొద్దు, గాలి వాలు చూసుకుని పక్కన నిలబడండి. చేతులు పెట్రోలుతో కడగొద్దు, సబ్బుతో కడిగినాకే అన్నం ముట్టండి. అన్నం పంపుల దగ్గర తినొద్దు. ఆ బట్టలతో ఇంటికి పోయి పసిపిల్లను ఎత్తుకోవద్దు. ఆరు నెలలకోసారి ప్రభుత్వ ఆసుపత్రికి పోయి రక్త కణాల పరీక్ష చేయించుకోండి. అడగకపోయినా డాక్టరుకు చెప్పండి: 'నేను పెట్రోలు బంకులో పనిచేస్త, ఇన్నేండ్లయింది' అని. ఆ మాట చెప్పకపోతే డాక్టరు రక్తహీనతకు గోలీలు ఇచ్చి పంపుతాడు. ప్రతి రిపోర్టూ దాచుకోండి. రేపు అదే మీ సాక్ష్యం.

ఊళ్లలోని మనవాళ్లకు: నోటితో పైపు పెట్టి పెట్రోలు గుంజొద్దు. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. పొరపాటున తాగితే వాంతి చేయించొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకపోండి. కిరాణా కొట్టులో సీసాల్లో పెట్టి అమ్మడం చట్టానికి విరుద్ధం, ఇంట్లో పొయ్యి ఉన్నచోట అది బాంబు. బంకులో 'ఇంకొంచెం పొయ్యి, నిండుగ పొయ్యి' అని పైపు పట్టినోణ్ణి సతాయించొద్దు. నువ్వు అడిగిన ఆ రెండు రూపాయల పెట్రోలు అతని మొఖం మీదికి ఆవిరై వస్తుంది.

కార్యకర్తలకు: ప్రతి మండలంలో ఎన్ని బంకులున్నాయి, ఒక్కో దాంట్లో ఎంతమంది, ఎన్ని గంటలు, ఏ కులం, ఆడవాళ్లు ఎంతమంది, కాగితం ఉందా, ఈఎస్ఐ ఉందా, మరుగుదొడ్డి ఉందా, లెక్క తీయండి. పేర్లు బయట పెట్టొద్దు. ఆ లెక్క పట్టుకుని కార్మిక శాఖకు, కాలుష్య మండలికి, కలెక్టరుకు పోదాం.

మన డిమాండ్లు ఇవి:

1. పెట్రోలు బంకు పనిని ప్రాణానికి ముప్పు ఉన్న పనిగా నోటిఫై చేసి ఒక్క కార్మికుడున్నా ఈఎస్ఐ ఇవ్వాలె.

2. ఆరు నెలలకోసారి ఉచిత రక్త పరీక్ష జరగాలె. రిపోర్టు కార్మికుని చేతికే ఇవ్వాలె. రిపోర్టు బాగా లేదని పనిలోంచి తీయొద్దు, పంపు దగ్గర నుంచి వేరే పనికి మార్చాలె.

3. ఎనిమిది గంటల పని, నియామక పత్రం, కనీస వేతనం ఇవ్వాలె.

4. చేతి తొడుగులు, సబ్బు నీళ్లు, పంపులకు దూరంగా అన్నం తినే చోటు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండాలె. యూనిఫాం యజమానే ఉతికించాలె.

5. ఊరి జనాభా, నెల అమ్మకం అని చూడకుండా అన్ని బంకుల్లో ఆవిరి పట్టే ఏర్పాటు పెట్టాలె. ఖర్చు లాభం తీసుకునే కంపెనీలు భరించాలె.

6. ట్యాంకులు కడగడానికి మనిషిని లోపలికి దింపడం ఆపాలె.

7. బంకుల పక్కన ఉన్న వాడల బోరు నీళ్లు పరీక్షించి ఫలితం వాడలోనే చదివి వినిపించాలె.

ఇవి గొంతెమ్మ కోర్కెలు కావు. ఇసుక బకెట్ పెట్టినంత సులువైనవి. ఆస్తి కోసం బకెట్ పెట్టడం వచ్చినోళ్లకు మనిషి కోసం పెట్టడం ఎందుకు రాదు? రాదు అంటే చేతగాక కాదు, అడిగినోడు లేక.

ఆ తమ్ముడు మళ్లీ కలిస్తే మా కార్యకర్త ఒక్క మాట చెబుతానన్నాడు: "అలవాటైంది అనొద్దు తమ్మీ. మన తాతలు కూడా అట్లనే అన్నరు. వాళ్లు అలవాటు తప్పిన దినమే వెట్టి పోయింది."

జై భీమ్!